నొక్కింది ఒక్కడు, రాసింది అందరూ

"దొంగలు మీరు. కన్నం ఏసే దొంగ నయం, వానికి పట్టుబడతానన్న భయమన్నా ఉంటాది. మీరు మా చేతనే తలుపు తీయించి, మా నెత్తినే మూట పెట్టించి, పోతాపోతా మాకే శాలువా కప్పిపోయే దొంగలు!"

మౌనిక ఈ మాట మెల్లగా అనలేదు. ఎమ్మిగనూరు బస్టాండు వెనక ధనుంజయ నడిపే ఆన్‌లైన్ సెంటరులో ఆధార్ జిరాక్సుకు వచ్చిన ఇద్దరు ముసలోళ్లు కాగితాలు చంకన పెట్టుకుని బయటి మెట్టు మీదికి జరిగారు. వెళ్లిపోలేదు. జగడం వినబడే దూరంలో కూర్చున్నారు.

మౌనిక ఎదుటి కుర్చీలో రవికుమార్. సహపథ్ అనే హైదరాబాదు సంస్థ తరఫున వచ్చాడు. ఆదోని పిల్లవాడే. హైదరాబాదు పోయి చొక్కా మార్చాడు, భాష మార్చాడు. నవ్వు మాత్రం అద్దెకు తెచ్చుకున్నది, ముఖం మీద నిలవడం లేదు.

ఇద్దరి మధ్య బల్ల. బల్ల మీద ఒక కాగితం, దాని మీద ఒక పెన్ను. ఆ పెన్నును పామును చూసినట్టు చూస్తూ ధనుంజయ.

ఇంతదాకా చదివినవాళ్లకు ఈ ముగ్గురూ ఎందుకు కూర్చున్నారో తెలుసు. కొత్తగా చేరినవాళ్లకు నాలుగు మాటలు. పడమటి కర్నూలు మెట్ట పల్లెల నుంచి ఏటేటా సుగ్గికి, అంటే పొరుగు జిల్లాల పంట కోతలకు, పోయే కూలీల కోసం ఫోనులో మాట్లాడే ఒక సాయం పుట్టింది. పేరు దోవ. అక్షరం రానివాళ్లు కూడా తమ మాటల్లో అడిగితే తమ మాటల్లోనే జవాబు చెబుతుంది. పని ఏ ఊళ్లో ఉంది, బండి ఎక్కడ ఆగుతుంది, దగ్గరి ఆసుపత్రి ఏది. దాన్ని ఏ కంపెనీ చేయలేదు. దేవనకొండ, కృష్ణగిరి, మాధవరం పిల్లలు, కూలి కుటుంబాల పిల్లలు, తమంత తాము నేర్చుకుని రాశారు. మౌనిక, ధనుంజయ ఆ జట్టులోవాళ్లే. రాసింది ఓపెన్ సోర్స్‌గా పెట్టారు. కోడ్‌ను అందరి ముందూ పరిచిపెట్టడం అన్నమాట. ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చి పంచినవాడు తన మార్పును కూడా అట్లాగే పరిచిపెట్టాలి. అదొక్కటే షరతు.

సహపథ్ సాయం పేరుతో వచ్చింది. సర్వర్లు మావి, ఖర్చు మాది, కోడ్‌ను మా గూటిలో పెట్టండి చాలు అంది. పెట్టాక ఒక ఒప్పందం తెరిచింది. ఇకమీదట కోడ్ ఇచ్చే ప్రతివాడూ 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కాలి. నొక్కితే అంతవరకు ఇచ్చినదాని మీద, ఇకముందు ఇవ్వబోయేదాని మీద కాపీరైటు సంస్థకు పోతుంది. ధనుంజయ నొక్కాడు. ఆదోనిలో సభ పెట్టి శాలువా కప్పారు. పోయిన వారం గుట్టు బయటపడింది. సహపథ్ దోవను ఒక కూలీల సరఫరా కంపెనీకి అమ్ముతోంది. కొనేవాళ్ల షరతు ఒకటే. దోవలో 'జోపానం' అనే భాగం ఉండకూడదు.

జోపానం ఏమిటో తర్వాత చెప్పుకుందాం. ముందు ఆ కాగితం సంగతి.

"మౌనిక గారూ, ఆవేశపడితే పని జరగదు," అన్నాడు రవికుమార్. "ఇది ఉత్త ఫార్మాలిటీ. కొనేవాళ్ల లాయర్లు అడిగారు. దోవ కోడ్ మొత్తం ధనుంజయ గారి స్వంత రచన, వేరెవరికీ అందులో వాటా లేదు అని ఒక వాక్యం. కింద సంతకం. అంతే."

"అంతేనా? మరి మేమందరం ఏం చేసినాము? ఈయనకు టీలు మోసినామా?"

"అలా అనలేదు. రికార్డు ప్రకారం చెబుతున్నాను. కోడ్ అంతా ఒకే ఖాతా నుంచి వచ్చింది. ఖాతా ధనుంజయ గారిది. ఒప్పందం నొక్కింది కూడా ఆ ఖాతాయే. రికార్డు చాలా క్లీన్‌గా ఉంది."

"క్లీన్‌గా ఉందంట! ఊరంతా ఊడ్చుకుపోయినాక క్లీన్‌గా ఉండక ఏముంటాది?"

మెట్టు మీద ముసలోడొకడు కిసుక్కుమన్నాడు.

రవికుమార్ ఓపిక తెచ్చుకున్నాడు. ఓపిక తెచ్చుకోవడం కూడా వాళ్లకు నేర్పిస్తారు. "చూడండి. ఇలాంటి ఒప్పందాలు ప్రపంచమంతటా ఉన్నాయి. పేరున్న ప్రాజెక్టులు తీసుకుంటాయి. ఎందుకు? రేపు ఎవడో వచ్చి ఈ నాలుగు లైన్లు నావి, తీసేయండి అని కోర్టుకెక్కితే ప్రాజెక్టు మొత్తం ఆగిపోతుంది. దాన్ని కాపాడటానికి. మీ దోవను కాపాడటానికే."

"ఆ మాట నాకు తెలీదనుకుంటాండావా? నేనూ చదివినా. కొందరు అనుమతి అడుగుతారు. మీ కోడ్ వాడుకుంటాం, అందరికీ పంచుతాం, హక్కు మాత్రం మీ దగ్గరే ఉంటాది అంటారు. అది వేరే. ఇంకొందరు హక్కు తీసుకున్నా, దీన్ని ఎప్పటికీ మూసిపెట్టం అని మాట రాసిస్తారు. అదీ వేరే. మీ దాంట్లో ఏముంది? హక్కు మాకియ్యండి, ఆపైన మా ఇష్టమొచ్చిన లైసెన్సు కింద పెట్టుకుంటాం, మూసుకుంటాం, అమ్ముకుంటాం. చేన్లో నడిచేకి దోవ ఇయ్యమంటే ఏ రైతైనా ఇస్తాడు. నువ్వు చేనే రాపిచ్చుకుని, కంచె నాటి, నడిచేకి మా కాడ చీటీ తీసుకో అంటాండావు."

"ధనుంజయ గారు చదివే నొక్కారు."

"సదివినావా అన్నా?"

ధనుంజయ తల ఎత్తలేదు. "యాడ సదివేది?"

ఎవరు చదువుతారు? ఆ ఒప్పందాన్ని చదవకుండా నొక్కడానికే రాస్తారు. ఇంగ్లీషులో రాస్తారు. అక్షరాలు చిన్నవి చేస్తారు. కింద బటను మాత్రం పచ్చగా, పెద్దగా, రారా నొక్కురా అన్నట్టు పెడతారు. ఏ కూలి బిడ్డ అయినా నొక్కకుండా ఆగితే ఆశ్చర్యపోవాలి కానీ, నొక్కితే ఏం ఆశ్చర్యం?

అప్పుడు హులిగమ్మ లోపలికి వచ్చింది.

మాధవరం నుంచి బస్సు దిగి ఎండలో నడిచి వచ్చింది. కొంగుతో మెడ తుడుచుకుంది. దోవలో వినబడే గొంతు ఈమెదే. 'యాడికి పోవల్ల సెప్పు' అని ఫోను అడిగితే, అడిగేది హులిగమ్మే. ఆ గొంతు విని గుంటూరు వైపు మిరప చేలల్లో ఎంతోమంది మా పెద్దమ్మ మాట్లాడినట్టే ఉందని నవ్వుకున్నారు. కొడుకు అశోక్ కూడా దోవ రాసినవాళ్లలో ఒకడు. జోపానం మొత్తం అతనిదే. ఇప్పుడు ఆ మిరప కోతల్లోనే ఉన్నాడు.

"ఈయనేనా సారు?" అంది. కూర్చోమని ఎవరూ అనకముందే కూర్చుంది. "ఏం నాయనా, జోపానం ఎందుకు తీసేస్తాండారు? అది మీకేం అన్యాయం చేసె?"

"అమ్మా, అది చట్టపరంగా ఇబ్బంది. ఎవరో ఒక కూలీ ఫోన్లో ఫలానా మేస్త్రీ మంచివాడు కాదు అంటుంది. రుజువు ఉండదు. పరువు నష్టం కేసు మా మీద పడుతుంది."

"మేస్త్రీ పరువా?" హులిగమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "వినుమ్మే మౌనికా. మేస్త్రీకి పరువుందంట. ఈ ముక్క నాకు ఇన్నేండ్లు ఎవరూ సెప్పలే."

తర్వాత గొంతు మారింది.

"పోయిన సుగ్గిలో మా హనుమంతమ్మ గుంపును ఒగడు బండెక్కిచ్చుకుని పోయి కోళ్ల షెడ్డులో దించినాడు. ఫోన్లు గుంజుకున్నాడు. పొద్దు మునిగితే బయట గొళ్లెం. లోపల పసిబిడ్డల తల్లులు. ఒగామెకు జరమొచ్చి ఒళ్లు కాలిపోతాంటే, తలుపు కొట్టి కొట్టి చేతులు వాసినాయి గానీ వాడు తీయలే. ఎట్లనో బయటపడి, రోడ్డు మీద ఎవురి ఫోనో అడుక్కుని హనుమంతమ్మ జోపానంలో మాట పెట్టింది. వాని పేరు సెప్పింది, బండి గుర్తు సెప్పింది. ఎక్కొద్దండి అమ్మా అని ఏడ్చింది. ఆ మాట మాకు యాడ ఇనపడిందో తెలుసునా? వాని బండిలోనే. మేమెక్కి కూసున్యాం. మూటలు గూడా ఏసినాం. ఫోను మాట్లాడింది. దిగినాం. అందరం దిగినాం. నా కోడలు నిండు చూలాలు ఆ పొద్దు."

బయట బస్సు హారను కొట్టింది.

"అది తీసేస్తే రేపెక్కే బండిలో మాకెవురు సెప్తారు నాయనా? నువ్వొచ్చి సెప్తావా?"

జోపానం అంటే ఇదీ. పోయినవాళ్లు రాబోయేవాళ్లకు చెప్పే మాట. కూలీలను బండ్లలో నింపి పంపే కంపెనీకి అది గొంతులో ముల్లు. అందుకే తీసేయాలి. పరువు, చట్టం అన్నీ పైపై ముసుగులు.

రవికుమార్ గొంతు సవరించుకున్నాడు. "నాకు బాధగానే ఉందమ్మా. కానీ హక్కు సంస్థది. రాసిన ఒక్క వ్యక్తి ఇచ్చేశారు."

"ఒక్క వ్యక్తి!" మౌనిక లేచింది.

బల్ల చివరనున్న పాత ల్యాప్‌టాపును ముందుకు లాగింది. అందరూ రాసింది దాని మీదే. ఇక్కడ ఒక మాట చెప్పాలి. వీళ్లు కాలువ నీళ్లు వంతుల ప్రకారం పెట్టుకునే ఊళ్ల పిల్లలు. ఒకరి మడి తడిసిందాకా ఒకరు, తర్వాత ఇంకొకరు. ల్యాప్‌టాపును కూడా అట్లాగే వాడారు. ఒకటే ల్యాప్‌టాపు, ఒకటే ఖాతా, దానికి ధనుంజయ ఫోను నంబరు. ఎవరి వంతు వస్తే వాళ్లు ఎమ్మిగనూరు వచ్చి కూర్చుని రాసి పోయారు. ఎవరి పేరు వాళ్లు వేరుగా పెట్టుకోవాలని ఏ ఒక్కరికీ తోచలేదు. వంతు నీళ్ల మీద పేరు రాసుకునేవాడు ఎవడు? బయటి లోకంలో అందరూ మొదట చేసే పని పేరు పెట్టుకోవడం. వీళ్లు చేయని పని అదే. సహపథ్‌కు దొరికిన సందు కూడా అదే.

"రవికుమార్ సారూ, ఇదంతా ఈయన సొంత రచన అని గదా నీ కాగితం? సరే. ఒగ సర్వరు పలక్కపోతే రెండోదాన్ని పిలిచే భాగం ఇది. దగ్గరికొచ్చి సూడు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంది. సదువు."

రవికుమార్ వంగి చూశాడు. "బూదోడు... మొరాయిస్తే... మచ్చోడిని పిలువు."

"ఎవరన్నా వీండ్లు?" మౌనిక ధనుంజయను అడిగింది. "నువ్వే గదా రాసింది. సెప్పు. బూదోడెవరు? మచ్చోడెవరు?"

ధనుంజయ తల గోక్కున్నాడు. "నాకేం తెలుసు తల్లీ? ఎవరన్నా కూలోళ్లేమో."

హులిగమ్మ పగలబడి నవ్వింది. "కూలోళ్లా! అవి కృష్ణగిరి గిడ్డయ్య ఎద్దులు గదప్పా! బూదోడు మొండిది. దుక్కిలో పండుకుంటే లేయదు. అప్పుడు మచ్చోని మెడ మీద కాడి ఏస్తాడు. ఆయప్ప దాని ముచ్చట సెప్పకుండా అన్నం తినడు."

"ఈ ముక్క రాసింది ఆ గిడ్డయ్యే. ఇదో, ఇది హేమ రాసింది," మౌనిక కిందికి జరిపింది. "ఆ పిల్ల రాసినకాడ తప్పు జరిగితే ఎర్రర్ అని ఉండదు. 'అయ్యో సామీ' అని ఉంటాది. ధనుంజయన్న ఏనాడన్నా అయ్యో సామీ అన్న్యాడా? నరసింహ రాసినకాడ ప్రతి పేరూ వాళ్లూరి బావిది, మిట్టది, వంకది. ఇదంతా ఒగడే రాసినాడంట! ఒగనికి ఇన్ని ఊర్లు ఉంటాయా? వీండ్లల్లో ఎవరూ నీ పచ్చ బటను నొక్కలే. ఎవరూ నీకు హక్కు ఇయ్యలే. తనది కానిదాన్ని ధనుంజయన్న ఎట్ల ఇస్తాడు? పక్కోని చేను నేను నీకు రాసిస్తే చెల్లుతుందా?"

మెట్టు మీద ముసలోళ్లు ఇప్పుడు దాచుకోకుండా నవ్వుతున్నారు. ఒకడు గట్టిగానే అన్నాడు: "ఎద్దులను పిలిపించండప్పా సాచ్చానికి!"

రవికుమార్ నవ్వలేదు. అతని ముఖం మీది అద్దె నవ్వు కూడా పోయింది. చాలా నెమ్మదిగా పెన్ను తీసి మూత పెట్టాడు.

"థాంక్యూ," అన్నాడు. "మీరే ఒప్పుకున్నారు. ఇంతమంది విన్నారు." ధనుంజయ వైపు తిరిగాడు. "మీరు నొక్కిన ఒప్పందంలో ఒక షరతు ఉంది. ఇది నా సొంత పని, దీన్ని ఇచ్చే అధికారం నాకుంది అని మీరు హామీ ఇచ్చారు. అది అబద్ధమని ఇప్పుడు మౌనిక గారు నిరూపించారు. అంటే మీరు సంస్థను మోసం చేశారు. అమ్మకం ఆగితే నష్టం మీ మీద వేస్తాం. కేసు మీ మీద. మౌనిక గారి మీద కాదు. గిడ్డయ్య మీద కాదు, ఆయన ఎద్దుల మీద అసలే కాదు. సంతకం పెడితే ఏ గొడవా లేదు. పెట్టకపోతే ఈ సెంటరు కూడా మిగలదు."

చూశారా? మెడకు వేసిన శాలువా ఎప్పుడు ఉరితాడు అయిందో. మౌనిక విప్పిన ముడే ధనుంజయకు బిగిసింది. ఆమెకు ఆ సంగతి అప్పుడే తట్టింది.

ధనుంజయ ఒక్కసారిగా బల్ల మీద గుద్దాడు.

"మోసం నేను చేసినానా?" "అందరూ నన్నే అంటాండారు. ఇగో ఈ మౌనిక వారం నుంచి నా మొగం సూడలే. ఓటీపీలు ఎవరి ఫోనుకొచ్చినాయి? అన్నం ముందర పెట్టుకున్నా, సావుకాడ కూసున్నా, అన్నా ఓటీపీ అని ఫోను జేసింది మీరు గాదా? నేను నొక్కిన పొద్దు ఏం జరిగింది, ఎవరన్నా అడిగినారా నన్ను? గుంటూరు కాడ గుంపుల ఫోన్లల్లో జోపానం మూగబోయింది. పాట్లు పడి అశోక్ ఒగ సవరణ రాసి పెట్టిపోయినాడు. దాన్ని ఎక్కిస్తాంటే కంప్యూటరు ఆపేసింది. ఒప్పందం నొక్కితేనే తీసుకుంటా అనె. మీకందరికీ ఫోను జేసినా. అశోక్ అప్పటికే బండెక్కినాడు. ఒగరి ఫోనూ కలవలే, అందరూ సుగ్గిలో ఉండారు. బండ్లు బయలుదేరుతాండాయి. ఆ షెడ్డోడు మళ్ల బండి పెట్టినాడని తెలిసింది. నొక్కల్లా వద్దా? సెప్పు మౌనికా, నువ్వైతే ఏం జేస్తాంటివి?"

మౌనికైతే? తానూ నొక్కేదే.

అదే అసలు దౌర్జన్యం. ఇల్లు తగలబడుతున్నప్పుడు నీళ్ల బిందె పట్టుకుని నిలబడి, ముందు ఇక్కడ వేలు పెట్టు, తర్వాత నీళ్లు పోస్తా అన్నవాడిని ఏమంటారు? హైదరాబాదులో వాణ్ణి దాత అంటారు.

"హులిగమ్మత్తా," ధనుంజయ గొంతు తగ్గింది, "ఆ షెడ్డోని బండెక్కిన నీ గుంపు కోసమే నొక్కితి."

హులిగమ్మ అతని వైపు తిరిగింది. "తెలుసప్పా," అంది. "ఆ పొద్దు నొక్కింది తప్పు గాదు. ఈ పొద్దు పెన్ను పడితే తప్పు."

ధనుంజయ కాగితాన్ని ఒక వేలితో బల్ల అంచు దాకా నెట్టాడు. కాగితం అంచున ఆగింది. అతను దాన్ని కింద పడేయలేదు. చేతిలోకి తీసుకోనూ లేదు.

రవికుమార్ లేచాడు. బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. పోతూపోతూ ఆగాడు. కోపం వచ్చినప్పుడు మనిషికి అసలు భాష దొరుకుతుంది. రవికుమార్‌కు ఆదోని దొరికింది.

"మీరు పెట్టకుంటే నాకేం పోయెనప్పా? మాకు కావల్సింది జోపానం ఒగటే, దాన్ని మూసిపెట్టేకి. మిగతాదానికి మీరు ఎద్దుల పేర్లు పెట్టుకోండి, గొడ్ల పేర్లు పెట్టుకోండి. అది రాసింది అశోక్ అని మాకు తెలీదనుకున్న్యారా? మా మనిషి పొద్దున్నే మిరప చేలకాడికి పోయినాడు. ఇట్లాంటి కాగితమే ఆయప్పకూ ఉంది. ధనుంజయ అప్పుడే పెట్టేసినాడు, నువ్వూ పెట్టు అంటాడు. పెట్టడా? పెడతాడు. సాయంత్రానికి మీ ఖాతా కూడా మూస్తాము."

మెట్టు దిగాడు. ముసలోళ్లు దారి ఇవ్వలేదు. మధ్యలోంచి తోసుకుని పోయాడు.

హులిగమ్మ అప్పటికే కొడుక్కి ఫోను కలిపింది. స్విచాఫ్. మళ్లీ కలిపింది. స్విచాఫ్. కోతకు పోయేటప్పుడు ఫోను గుడిసెలో పెట్టి పోతాడు. బ్యాటరీ దాచుకోవాలని ఆపి మరీ పోతాడు.

"నాలుగు మాటలు ఇంగ్లీషులో ఉంటే సాలు, సదవకుండా పెడతాడు నా కొడుకు. ధనుంజయన్న పెట్టినాడంటే కండ్లు మూసుకుని పెడతాడు. ఈయప్ప మీద అంత నమ్మకం వానికి."

ఆ మాట ధనుంజయకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

మౌనిక ల్యాప్‌టాపును తన వైపు తిప్పుకుంది. మాట వేగంగా వచ్చింది. "పాత దోవ పోయిన సంవత్సరమే అందరి ముందూ పరిచినాము. ఆ లైసెన్సును ఎవడూ ఎనక్కి తీసుకోలేడు. దాని కాపీ నాకాడ ఉంది. జోపానం మాత్రం దాంట్లో లేదు, ఆ తర్వాత వాళ్ల గూట్లో చేరింది. సహపథ్ గూట్లో మనం ఉండాల్సిన పని లేదు. వేరు కుంపటి పెడతాం. జోపానం అశోక్‌ది. వాడు సంతకం పెట్టనంతవరకూ వానిదే. తన చేత్తో దాన్ని మన కుంపటి మీద పెట్టొచ్చు. వాళ్ల కాగితం మీద సంతకం పెట్టినాడంటే మాత్రం జోపానానికి సమాధే. వానికి ఇప్పుడు మాట పోవల్ల. వాని ఫోనుకు గాదు, ఆడ గుడిసెల కాడ వంట చేసే ఆడోళ్ల ఫోన్లకు, మేస్త్రీ ఫోనుకు తప్ప అందరి ఫోన్లకు. దోవలో ఉండే ప్రతి ఫోనూ ఒక్కసారే మాట్లాడల్ల. అట్ల పంపే అధికారం ఆ ఒక్క ఖాతాకే ఉంది. వాళ్లు మూసేలోపల."

"పంపితే నేను వాళ్లకు ఎదురు తిరిగినట్టు," అన్నాడు ధనుంజయ. "కేసు ఖాయం."

"ఖాయమే," అంది మౌనిక. అబద్ధం చెప్పలేదు. "దాంట్లో నువ్వొగనివే ఉండవు. రాసినోళ్లమందరం మా పేర్లతో వస్తాము. ఈసారి వంతుల్లేవు, అందరం ఒక్కసారే వస్తాము. ఇది మాది, ఈయన ఇయ్యలేదు, మేమూ ఇయ్యలేదు అని నిలబడి సెప్తాము. అది నేను ఇస్తాండే మాట. కానీ ముందర అశోక్."

హులిగమ్మ ల్యాప్‌టాపుకు దగ్గరగా జరిగింది. మౌనిక రికార్డు నొక్కింది. హులిగమ్మ గొంతు సవరించుకోలేదు. దోవలో ఎట్లా మాట్లాడుతుందో అట్లాగే, బావికాడ నిలబడి పిలిచినట్టు, మాట్లాడింది.

"అమ్మల్లారా, అయ్యల్లారా, నేను హులిగమ్మను. నా కొడుకు అశోక్ యాడుంటే ఆడికి పరిగెత్తండి. కాగితం ఒగటి తెచ్చినోడు వస్తాండాడు. ధనుంజయ సంతకం పెట్టినాడంటాడు. పెట్టలేదు. అశోకూ, యేలు పెట్టొద్దు రా. పెన్ను పట్టొద్దు రా. దోవలో ఒగ మాట సెప్పినోళ్లు, ఒగ ముక్క రాసినోళ్లు ఎవరున్నా, ఎవరు ఏ కాగితం తెచ్చినా పెట్టొద్దు. ఇది మనది. మనం ఎవరికీ ఇయ్యలే."

మౌనిక పంపబోయింది. తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది. ఖాతా లోపలికి పోవాలంటే ఫోనుకు వచ్చిన అంకె కొట్టాలి.

ధనుంజయ చొక్కా జేబులో ఫోను టింగుమంది.

అతను ఫోను తీశాడు. అంకె చూశాడు. బల్ల అంచున కాగితం ఫ్యాను గాలికి ఒక్కసారి లేచి, మళ్లీ పడుకుంది. మెట్టు మీద ముసలోళ్లు కూడా మెడలు సాచి లోపలికి చూస్తున్నారు.

హులిగమ్మ లేచి అతని ముందుకు వచ్చి నిలబడింది.

"ఇన్నాళ్లూ అడిగినోళ్లందరికీ సెప్పినావు గదప్పా ఆ అంకె. పగలనక, రాత్రనక సెప్పినావు. ఈ ఒక్కసారికి నా కొడుకు కోసరం సెప్పు. రేపు బండెక్కే ఆడబిడ్డల కోసరం సెప్పు. తర్వాత గాదు, ఆలోచన చేసి గాదు. ఇప్పుడు. సెప్పు ధనుంజయా, అంకె సెప్పు!"